క్రీము బిస్కత్తులు: రుచిభేదములు, రుచివివాదములు

రెండు పలుచని బిస్కత్తు బిళ్లల నడుమ తీయని మెత్తని పూర్ణము నుంచి, ఒకదానిపై నొకటి అదిమి తయారుచేయు తినుబండారమునకు క్రీము బిస్కత్తు అని తెలుగునాట వ్యవహారము. అమెరికాలో దీనిని శాండ్‌విచ్ కుకీ అందురు. కర్మాగారములలో తయారై పొట్లములలో దేశదేశములకు పోవు ఈ జాతి బిస్కత్తులలో ఓరియో, హైడ్రాక్స్, బోర్బన్, కస్టర్డు క్రీము అనునవి ప్రసిద్ధములు. వీనిలో ఏది మేలు, ఒక్కొక్కదానియందును ఏ రుచి ఉత్తమము అను ప్రశ్న పిల్లలనే కాక పెద్దలను, వార్తాపత్రికలను, విశ్వవిద్యాలయముల ప్రయోగశాలలను సైతము ఆకర్షించినది. ఈ వాదమునకు దిగువారు సాధారణముగా పూర్ణము రుచినే లెక్కకు తీసికొని, బిళ్ల రుచిని విస్మరింతురు. పూర్ణ మెంత మేలైనదైనను దానిని మోయు బిళ్లతో పొత్తు కుదరనిచో రాణింపదని ఈ బిస్కత్తుల చరిత్రను పరికించువారికి తేటపడును.

క్రీమను పేరు వినగానే పాలమీగడ తలపునకు వచ్చుట సహజమే కాని, ఓరియో పూర్ణములో పాలుగాని మీగడగాని లేవు. మెత్తగా విసరిన పంచదార, చల్లని చోట గడ్డకట్టియుండు వృక్షసంబంధమైన కొవ్వు, ఈ రెంటిని విడిపోనీక పట్టియుంచు లెసిథిన్, కొంచెము పరిమళద్రవ్యము, ఇంతమాత్రమే దాని సామగ్రి. పూర్ణములో నీరు దాదాపు లేకుండుట ముఖ్యము. తడి యేమాత్ర మున్నను అది ప్రక్కనున్న బిళ్లలలోనికి దిగి, కరకరలాడవలసిన బిస్కత్తును కొలదికాలములోనే మెత్తబరచును. అందుచేతనే పండ్లరసమును నేరుగా కలిపి రుచి కల్పించుటకు వీలులేక, నారింజ, అనాస, స్ట్రాబెర్రీ మున్నగు ఫలరుచులను సారములతోడను, పులుపును సిట్రిక్ ఆమ్లపు పొడితోడను తెచ్చిపెట్టవలసి వచ్చినది. కొవ్వు కరగు ఉష్ణోగ్రత గమనింపదగిన మరియొక విషయము. అది శరీరోష్ణమగు 37 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరువలో నున్నచో పూర్ణము నోట కరగి హాయినిచ్చును. అంతకు మిక్కిలి హెచ్చైనచో అంగిటికి మైనము పూసినట్లు తోచును. మిక్కిలి తక్కువైనచో దుకాణము చేరకముందే కరగి బిళ్లలోని కింకిపోవును. మే మాసమున పగటి ఎండ 40 డిగ్రీలు దాటు రాయలసీమ, తెలంగాణముల వంటి సీమలలో అమ్మదలచిన సరకున కించుక గట్టి కొవ్వు వాడక తప్పదు. ఒకే పేరుగల బిస్కత్తును రెండు దేశములలో తిన్నవారు రెండు రుచులు చెప్పుటకు గల కారణములలో ఇదియు నొకటి.

ఈ జాతిలో అమెరికాదేశపు నల్లబిస్కత్తునకు ఆద్యము ఓరియో యని లోకము నమ్మియున్నది. ఆ నమ్మకము సరికాదు. కాన్సస్ నగరమునకు చెందిన లూజ్-వైల్స్ బిస్కత్తు కంపెనీ 1908లోనే కోకో బిళ్లల నడుమ తెల్లని పూర్ణముగల హైడ్రాక్స్ అను బిస్కత్తును అమ్మకమునకు పెట్టెను. నీటియందలి హైడ్రొజన్, ఆక్సిజన్ అను మూలకముల పేళ్లు జోడించి స్వచ్ఛతను స్ఫురింపజేయవలెనని ఆ పేరు పెట్టిరి గాని, అది వినువారికి మందుల కొట్టు జ్ఞప్తికి వచ్చునే కాని పలహారము జ్ఞప్తికి రాదు. నాలుగేండ్ల తరువాత, 1912 మార్చి 6వ తేదీన, నేషనల్ బిస్కత్తు కంపెనీవారు న్యూయార్కు నగరపు చెల్సీ పేటలోని తమ కర్మాగారమున తయారైన ఓరియోను న్యూజెర్సీ రాష్ట్రములోని హోబోకెన్ పట్టణపు కిరాణావర్తకు నొకనికి తొలుదొల్త విక్రయించిరి. పెద్ద సంస్థ, వినసొంపైన పేరు, విస్తారమైన ప్రకటనలు తోడుపడగా ఓరియో దేశమంతటను వ్యాపించి, కడకు హైడ్రాక్సే ఓరియోకు నకలని జనులు తలచు స్థితి ఏర్పడెను. ముందు పుట్టినదానికి అనుకరణ యను అపకీర్తి వచ్చుట వాణిజ్యచరిత్రలో చోద్యమైన అన్యాయము. హైడ్రాక్స్ 1996లో కీబ్లర్ సంస్థ చేతికి వచ్చి, 1999లో పేరును రుచిని మార్చుకొని, 2003లో మరుగుపడి, 2015లో లీఫ్ బ్రాండ్స్ అను చిన్న సంస్థవలన మరల అంగడి కెక్కినది. దాని బిళ్ల గట్టిదనియు, పూర్ణమున తీపి మితముగా నుండుననియు, పాలలో ముంచినను తొందరగా చీకిపోదనియు దాని యభిమానులు నేటికిని వాదింతురు.

ఈ రెంటి పోటీలో రుచికంటె లోతైన సంగతి యొకటి కలదు. 1990 దశకపు నడిమివరకు ఓరియో పూర్ణములో పందికొవ్వు వాడుచుండిరి. హైడ్రాక్సులో వాడకుండుటచేత, ధర్మశాస్త్రానుసారముగ భుజించు యూదు కుటుంబములకు అదియే శరణ్యమయ్యెను. ఓరియోకు వారి మతసంస్థ ఆమోదముద్ర 1997లో గాని లభింపలేదు. ఆ కాలమునకు అమెరికాలో కాపురముండిన తెలుగు శాకాహారుల విషయమునను ఇదే చిక్కు వర్తించును. పొట్లము వెనుకనున్న సన్నని అక్షరములు చదువనివారు తెలియకయే తమ నియమమును మీరియుందురు. పందికొవ్వునకు మారుగా వచ్చిన పాక్షికముగ హైడ్రొజనీకృతమైన తైలము హృద్రోగకారకమని తేలగా, 2006 నాటికి దానిని సైతము తొలగించి ఇతర వృక్షతైలములు వాడసాగిరి. కొవ్వు మారినప్పుడెల్ల పూర్ణము నోట కరగు తీరును మారును. కావున, చిన్ననాటి ఓరియో రుచి ఇప్పుడు లేదని వయసు మళ్లిన అమెరికనులు చెప్పు మాటను కేవలము ముదిమి చాదస్తమని త్రోసిపుచ్చ వీలులేదు.

ఓరియో తొలుత రెండు రుచులతో వెలువడినది. ఒకటి నేటికిని నిలిచియున్న తెల్లని పూర్ణము, రెండవది నిమ్మరుచిది. నిమ్మరుచి 1920 దశకమున అంతరించెను. దీనికి కారణము బిళ్లలోనే వెదకవలెనని ఈ వ్యాసకర్త అభిప్రాయము. ఆ బిళ్ల నలుపునకు మూలము క్షారముతో సంస్కరించిన కోకోపొడి. 19వ శతాబ్దమున డచ్చి దేశీయుడగు వాన్ హౌటెన్ ప్రవేశపెట్టిన ఈ పద్ధతివలన కోకోయందలి సహజమైన పులుపు తగ్గి, రంగు ముదిరి, రుచి గంభీరమగును. ఇట్లు పులుపును వదిలించుకొన్న కోకో ప్రక్కన నిమ్మపులుపును తెచ్చి నిలుపుట రెంటికిని మేలు చేయదు. పులుపు విడిగా పైకి తేలును, కోకో చేదు మరింత ముతకగా తోచును. అనేక దశాబ్దముల పిదప అదే బిస్కత్తువారు నిమ్మపూర్ణమును మరల తెచ్చినప్పుడు నల్లబిళ్లను విడిచి, 2004లో వెలువడిన గోల్డెన్ ఓరియో లేతపసుపు బిళ్లల నడుమ దాని నుంచిరి. అక్కడ నిమ్మ చక్కగా కుదిరినది.

వెనిలాకు నల్లబిళ్లతో కుదిరిన పొత్తు మరి దేనికిని కుదరలేదు. వెనిలాకు తనదైన పులుపుగాని చేదుగాని లేదు. దాని వాసన తీపిని హెచ్చించి చూపును, కోకో పరిమళమునకు అడ్డు రాదు. ఈ పూర్ణములలోని వాసన పెక్కుచోట్ల వెనిలా కాయనుండి వచ్చినది కాక, వెనిలిన్ అను రసాయనమువలన కలిగినది. 1874లో టీమన్, హార్మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు దేవదారుజాతి వృక్షములనుండి లభించు పదార్థముతో దీనిని కృత్రిమముగా తయారుచేయు త్రోవ కనుగొనకున్నచో ఇంత చవుకగా ఇంత పరిమళము లభించెడిది కాదు. నేటి ఓరియో పూర్ణమునకు రూపకల్పన చేసిన ఆహారశాస్త్రజ్ఞుడు సామ్ పోర్సెల్లో. బిళ్లమీది నేటి చిత్రమును 1952లో దిద్దినవాడు విలియం టర్నియర్. ఆ చిత్రమును కంటికి దగ్గరగా పట్టి చూచినచో అంచున సన్నని గీతలవరుస, నడుమ నాలుగు రేకుల పూవులు, కేంద్రమున రెండడ్డగీతలుగల నిలువుగీతకు క్రింద అండాకారమున ఇమిడిన పేరు కనుపించును. నాలుకకు మొదట తగులునది ఈ గరుకుదనమే. తరువాత ఉప్పు, ఆపైని చేదు, చివరకు తీపి. ఈ క్రమము ఏ రుచివలన చెడకుండునో ఆ రుచియే నల్లబిళ్లకు తగినది. పుదీనాజాతి మెంతాల్ వాసన ఈ పరీక్షలో వెనిలా తరువాతి స్థానము నందును. అది నోటియందు చల్లదనమును గ్రహించు నాడులను ప్రేరేపించునే కాని కోకోతో పోటీకి దిగదు. వేరుసెనగ పూర్ణము తనయందును ఉప్పుండుటచేత మూడవదిగా నిలుచును. స్ట్రాబెర్రీ పిల్లల కిష్టమేయైనను, నల్లబిళ్లలో పండు జాడ తోచదు, వాసన మాత్రము మిగులును.

ఇంగ్లండులో ఈ బిస్కత్తుల కథ వేరు. లండనులోని బెర్మండ్సీ పేటయందు 1857లో వెలసిన పీక్ ఫ్రీన్ సంస్థ 1910లో క్రియోలా అను పేర కోకో బిళ్లల నడుమ చాకొలెట్టు పూర్ణముగల దీర్ఘచతురస్రపు బిస్కత్తును విడుదల చేసినది. కొలదికాలమునకే అది ఐరోపా రాజవంశపు పేరు ధరించి బోర్బన్ అయ్యెను. బోర్బన్ అను పేరుగల అమెరికాదేశపు విస్కీ దీనిలో కలియదు. మీదనున్న రంధ్రముల వరుసలు అలంకారమునకు మాత్రమే కాక, పొయ్యిలో ఆవిరి వెలికిపోయి బిళ్ల ఉబ్బకుండుటకును ఉద్దేశింపబడినవి. అదే కాలపు కస్టర్డు క్రీము మరియొక తెరంగు. బర్మింగుహాము నివాసియైన ఆల్ఫ్రెడ్ బర్డ్ కోడిగ్రుడ్డు సరిపడని తన భార్యకొఱకు 1837లో గ్రుడ్డులేని కస్టర్డు పొడి చేసెను. ఆ పొడి రుచియే కస్టర్డు క్రీమునకు ఒరవడి. ఓరియో వైరుధ్యమును నమ్ముకొన్నది, ఆంగ్లేయుల బిస్కత్తులు సామ్యమును నమ్ముకొన్నవి. చాకొలెట్టులో చాకొలెట్టు, వెనిలాలో వెనిలా. వీనిలో ఆశ్చర్య మేమియు లేదు గాని, తేనీటితోకూడి రెండు మూడు తినదలచినవానికి ఆశ్చర్యములతో పనియు లేదు.

రుచినిగూర్చిన వాదము పరిమాణమును గూర్చిన వాదముగా మారుట 1974లో డబుల్ స్టఫ్ అను రకము వెలువడినది మొదలు తీవ్రమైనది. పూర్ణము రెండింతలని దాని పేరు చాటుచుండగా, న్యూయార్కు రాష్ట్రములోని క్వీన్స్‌బరీ ఉన్నతపాఠశాల విద్యార్థులు 2013లో తూచి చూచి, అది సాధారణ బిస్కత్తునందున్న పూర్ణమునకు 1.86 రెట్లే యనియు, అప్పుడే వెలువడిన మెగా స్టఫ్‌లో 2.68 రెట్లనియు లెక్క తేల్చిరి. తమ లెక్క ప్రకారము రెండింతలే యని తయారీదారులు సమాధానము చెప్పిరి. పూర్ణ మధికమైనకొలది తీపి అధికమగును గాని రుచి అధికము కాదు. ఉప్పును చేదును మోసుకొనివచ్చు బిళ్లల పాలు తగ్గి, మూడవ బిస్కత్తునకే వెగటు పుట్టును. ఇందులకు ప్రతిగా 2015లో అమెరికాలో వచ్చిన పలుచని ఓరియోలో రెండు పాళ్లును తగ్గినవి; పెద్దలకు అది నచ్చుటకు కారణము పలుచదనముకంటె ఆ కరకరయే.

బిస్కత్తును మెలిపెట్టి విడదీసి ముందుగా పూర్ణమును నాకుట పిల్లల అలవాటు. పూర్ణము రెండు బిళ్లలకును సమముగా ఎందుకు రాదు అను చిరకాలసందేహమును మసాచుసెట్స్ సాంకేతికసంస్థ పరిశోధకులు 2022లో శాస్త్రీయముగా పరీక్షించిరి. రెండు చక్రముల నడుమ జిగట పదార్థము నుంచి మెలిపెట్టి దాని గుణములు కొలుచు యంత్రము ప్రయోగశాలలలో నుండనే యున్నది. ఓరియో స్వరూపమే ఆ యంత్రమునకు సరిపోవుటచే చక్రములకు బిళ్ల నంటించి త్రిప్పి చూచిరి. పూర్ణము సాధారణముగా ఒక బిళ్లకే అంటుకొనియుండెను. త్రిప్పు వేగము, పూర్ణపు పరిమాణము, రుచి, ఇవేవియు ఫలితమును మార్చలేదు. బిళ్లకును పూర్ణమునకును అంతకుముందే ఏర్పడిన అంటుబలమే నిర్ణాయకమని వారు తేల్చిరి. కర్మాగారములో వరుసగా నడచు బిళ్లలపై మొదట పూర్ణము పడును, పిదప రెండవ బిళ్ల దానిపై వ్రాలును. మొదటిదానికి దక్కిన పట్టు రెండవదానికి దక్కకపోవుటకు ఈ క్రమమే కారణమై యుండునని ఊహ. ఈ పరిశోధనకు ఓరియాలజీ యని చమత్కారముగా నామకరణము చేసిరి. ఫలితము స్వల్పమేయైనను పద్ధతి నిర్దుష్టము.

2012లో శతవార్షికము జరుపుకొన్నది మొదలు ఓరియో రుచులు లెక్కకు మీరినవి. ఆ యేడు పుట్టినరోజు కేకు రుచియు, శరదృతువున క్యాండీ కార్న్ అను మిఠాయి రుచియు వచ్చినవి. 2013లో పుచ్చకాయ, 2014లో గుమ్మడి మసాలా, 2015లో రెడ్ వెల్వెట్ కేకు, 2016లో స్వీడిష్ ఫిష్ అను ఎఱ్ఱని జిగురు మిఠాయి రుచి వెలువడినవి. 2017లో పేరు చెప్పక ఒక రుచిని విడిచి, అదేమో కనిపెట్టినవారికి బహుమానమని పోటీ పెట్టిరి. కడకు అది ఫ్రూటీ పెబుల్స్ అను ఉదయాహారపు రుచియని వెల్లడించిరి. పరిమితకాలము దొరకు ఈ రకములను తినుటకంటె చెప్పుకొనుటకే ఎక్కువగా సృష్టించిరన్నను తప్పులేదు. ఒక్కొక్క కొత్తరుచియు పత్రికలలో ఒక చర్చను రేపును. చర్చ చదివినవాడు దుకాణమునకు పోవును. పోయినవాడు కొత్తదానితోపాటు పాతపొట్లమును గూడ తెచ్చుకొనును. పుచ్చకాయ రుచిని ఎంతమంది నిందించిరో అంతమంది కొనియుండవలెను గదా! ఇందులో నిలువదగినది రెడ్ వెల్వెట్ ఒక్కటే. దాని పూర్ణమున జున్నుపులుపు కలదు, బిళ్లయు క్షారముతో సంస్కరించిన నల్లకోకోది కాక ఎఱ్ఱని లేతబిళ్ల యగుటచే రెండును ఒద్దికగా నుండును.

చైనాదేశములో ఓరియో 1996లో ప్రవేశించి దాదాపు పదియేండ్లు మందకొడిగా సాగెను. అచ్చటివారికి అది మితిమీరిన తీపియై తోచినదని గ్రహించి, తీపి తగ్గించి, చిన్నపొట్లములు కట్టి, పచ్చతేయాకు ఐసుక్రీము రుచిని, రెండేసి పండ్ల జంటరుచులను ప్రవేశపెట్టిన పిమ్మటనే గిరాకి పెరిగినది. 2018లో అక్కడనే కారపు కోడిరెక్కల రుచిని, ఘాటైన వసాబి రుచిని గూడ తెచ్చిరి. ఇవి వేడుకకు మాత్రమే. తేయాకు రుచి విషయము వేరు. తేయాకు చేదును కోకో చేదును భిన్నజాతులైనను పరస్పరము బలపరచుకొనును, తీపి తగ్గుటచే రెండును తెలియవచ్చును.

భారతదేశమునకు ఈ బిస్కత్తు ఇంగ్లండు త్రోవను వచ్చినది. 1892లో 295 రూపాయల పెట్టుబడితో కలకత్తాలో ఆరంభమైన చిన్న బిస్కత్తు వ్యాపారమే బ్రిటానియా; 1924లో అది బోర్బన్ సృష్టికర్తయగు పీక్ ఫ్రీన్ సంస్థకు అనుబంధమైనది. 1955లో బ్రిటానియావారు బోర్బనును ఇచ్చట విడుదల చేసిరి. మీద చల్లిన పంచదార పలుకులు పంటి క్రింద నలుగుచుండగా, లోని చాకొలెట్టు పూర్ణము నెమ్మదిగా కరగు ఆ బిస్కత్తు రెండుమూడు తరముల తెలుగు పిల్లలకు విందు, జ్వరపథ్యము ముగిసిననాటి బహుమానము. లేతబిళ్లల నడుమ నారింజ, అనాస, ఏలకుల పూర్ణములుగల క్రీము బిస్కత్తులను బ్రిటానియా, పార్లే మున్నగు సంస్థలు ఊరూర వ్యాపింపజేసినవి. పైబిళ్ల నడుమ రంధ్రములో ఎఱ్ఱని జాము మెరయు జిమ్ జామ్ వీనికి చుట్టమే. ఇక్కడ ఒక విశేషము గమనింపదగినది. హైదరాబాదు ఇరానీ హోటళ్లలో చాయతో తిను ఉస్మానియా బిస్కత్తు ముంచుకొని తినుటకు అనువైనది. క్రీము బిస్కత్తును వేడి చాయలో ముంచినచో పూర్ణపు కొవ్వు కరగి కప్పుపై తేలును, బిళ్లలు విడిపోవును. అందుచే మన యిండ్లలో అది పిల్లల పాలగ్లాసు ప్రక్కను నిలిచినదే కాని పెద్దల చాయకప్పు దరి చేరలేదు.

ఓరియో 2011 మార్చిలో క్యాడ్బరీ సంస్థ ద్వారా భారతదేశమున అడుగుపెట్టెను. 5 రూపాయల చిన్నపొట్లము దానిని పల్లెటూరి కిరాణా కొట్లవరకు తీసికొనిపోయినది. వెనిలా తరువాత చాకొలెట్టు, స్ట్రాబెర్రీ, నారింజ రుచులు వచ్చినవి. పోటీకి దిగిన సంస్థలు నల్లబిళ్లల నడుమ తెల్లని పూర్ణముగల రకములను తామును తయారుచేయుటయు, పేరు విషయమై వ్యాజ్యములు నడచుటయు సంభవించెను. పార్లేవారు తమ బిస్కత్తునకు పెట్టిన ఫేబియో అను పేరు ఓరియో పేరును పోలియున్నదని 2023లో ఢిల్లీ హైకోర్టు దాని వాడకమును మధ్యంతరముగా నిషేధించినది. రుచి విషయమున మాత్రము న్యాయస్థానము తీర్పు చెప్పలేదు.

ఆ తీర్పు చెప్పవలసివచ్చినచో నల్లబిళ్లకు వెనిలా ప్రథమము, మెంతాల్ ద్వితీయము. లేతబిళ్లకు నిమ్మగాని నారింజగాని. బోర్బనునకు చాకొలెట్టు తప్ప వేరు రుచి తగదు. డబుల్ స్టఫ్ ఆశపడి కొనువారికే గాని ఆస్వాదించువారికి కాదు. భారతీయ సంస్థలు ఈ జాతికి చేర్చిన రుచులలో సర్వోత్తమము ఏలకుల పూర్ణము. దాని ఘాటులో పులుపు లేదు, మెంతాలువలెనే కొంత చల్లదన మున్నది. ఇన్ని గుణములుండియు అది చిరకాలముగ చవుకరకపు లేతబిళ్లల నడుమనే కాలము గడుపుచున్నది. నల్లని కోకో బిళ్లల నడుమ, తీపి ఒక పాలు తగ్గించి, అసలైన ఏలకుల పొడితో చేసిన పూర్ణము నుంచి, ఊరూర దొరకునట్లు మన బిస్కత్తు సంస్థలు అమ్మకమునకు పెట్టవలెను.